మన ఇంటి టీవీ ఎవరికి కబురు చేరవేస్తోంది?

(యువజన కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బరంపురం, రాయగడ నుంచి రాత్రంతా రైల్లో వచ్చినవారున్నారు. బళ్ళారి, హోసూరు, షోలాపూరు, యానాం నుంచి వచ్చినవారున్నారు. మన తాతలు పని వెతుక్కుంటూ వెళ్ళిన చోట్లు ఇవి. సరిహద్దు గీత మారి మనం పక్క రాష్ట్రంలో పడిపోయిన చోట్లు కూడా. ఇన్నేళ్ళయినా మన ఇళ్ళల్లో తెలుగు నిలిచి ఉందంటే, ఇంట్లో మాట్లాడుకునే మాట ఒక కారణం, సంఘంలో పాడే పాట ఒక కారణం, మూలనున్న టీవీ మరో కారణం. బడిలో కన్నడమో ఒరియానో చదివే పిల్లలకు తెలుగు వినపడేది ఆ పెట్టెలోనే. అందుకే ఇవాళ టీవీని తిట్టడానికి మేము రాలేదు. దాని గురించి కొంచెం తెలుసుకోవడానికి వచ్చాం.

ముందు మా సంగతే చెబుతాం. పోయిన క్రిస్మస్‌కు ముందు మా సంఘం హాలుకు అందరం చందాలు వేసుకుని ఒక స్మార్ట్ టీవీ కొన్నాం. బిగించడానికి వచ్చిన కుర్రాడు గోడకు బ్రాకెట్ కొట్టి, టీవీ తగిలించి, వైఫై పాస్‌వర్డ్ అడిగాడు. తెర మీద ఇంగ్లీషులో పేజీలకు పేజీలు వచ్చాయి. మేము కళ్ళద్దాలు తీసి పెట్టుకునేలోపే అతను రిమోట్‌తో 'అన్నిటికీ ఒప్పుకుంటున్నాను' అన్న చోట నొక్కేశాడు. "ఏమిటి బాబూ అది?" అని అడిగితే, "అందరూ ఇదే నొక్కుతారండీ, త్వరగా అయిపోతుంది" అన్నాడు. అతన్ని తప్పుపట్టడం లేదు. అతను ఆ రోజు ఇంకా ఆరిళ్ళు తిరగాలి. అయితే సంగతి చూడండి. ఒప్పుకున్నట్టు లెక్క మేము. నొక్కింది అతను. చదివింది ఎవరూ లేరు.

రెండు నెలల తర్వాత డిగ్రీ చదివే మా అమ్మాయి ఒకరు సెట్టింగులు తెరిచి చూసింది. మేము చూసే కార్యక్రమాల సమాచారం పంపే మీట ఆన్‌లో ఉంది. మా ఆసక్తిని బట్టి ప్రకటనలు వేసే మీట ఆన్‌లో ఉంది. గొంతుతో పనిచేసే సేవల మీట కూడా ఆన్‌లోనే ఉంది. ఆ సాయంత్రం కూడికలో ఈ సంగతి చెప్పాం. మా సంఘంలో ఒక మామ్మగారున్నారు. ఆవిడ మూడు ప్రశ్నలు అడిగారు. "నేను మధ్యాహ్నం సీరియల్ చూస్తే ఆ కంపెనీవాడికి తెలుస్తుందా?" తెలుస్తుంది మామ్మగారూ అన్నాం. "తెలిస్తే వాడికేం లాభం?" కొంత చెప్పాం. "మరి నన్నెందుకు అడగలేదు?" దీనికి మా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటినుంచి చదివి తెలుసుకున్నదాన్ని ఆ మూడు ప్రశ్నల వరసలోనే మీ ముందు పెడుతున్నాం.

మొదటి ప్రశ్న, ఎలా తెలుస్తుంది? చాలామంది టీవీలో దాచిన కెమెరా ఉందనుకుంటారు. కొన్ని మోడళ్ళకు కెమెరా ఉంటుంది, ఎక్కువ వాటికి ఉండదు. మనం మాట్లాడుకుంటున్న దానికి కెమెరా అక్కర్లేదు. టీవీ మన ముఖం చూడదు, తన తెర మీద ఏం ఆడుతోందో తానే చూసుకుంటుంది. ఈ పద్ధతిని పొట్టిగా ఏసీఆర్ అంటారు. తెర మీద బొమ్మను తానే గుర్తుపట్టే ఏర్పాటని అర్థం. రిజిస్ట్రారాఫీసులో మనిషిని పోల్చుకోవడానికి వేలిముద్ర వేయించుకుంటారు కదా, ఇదీ అంతే. టీవీ క్షణక్షణానికి తెర మీది బొమ్మ నుంచో వినపడే శబ్దం నుంచో చిన్న నమూనా తీసుకుంటుంది. దాన్ని అంకెల ముద్రగా మార్చి ఇంటర్నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్‌కు పంపుతుంది. అక్కడ లక్షల కార్యక్రమాల ముద్రలు ముందే సిద్ధంగా ఉంటాయి. రెండూ కలిస్తే సరి, ఫలానా టీవీలో ఫలానా సమయానికి ఫలానా కార్యక్రమం, ఫలానా ప్రకటన ఆడిందని తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. "మేము ఇంటర్నెట్‌లో ఏమీ చూడమండీ, కేబులే చూస్తాం" అని మన పెద్దలు అంటారు. ఏసీఆర్ చూసేది తెరను. ఆ బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందన్నది దానికి అడ్డం కాదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ, అమెరికాలో డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, స్పెయిన్‌లోని మరో విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి శాంసంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. హెచ్‌డీఎంఐ తీగతో బయటి పెట్టె తగిలించి టీవీని ఉత్త తెరలా వాడుకున్నప్పుడు కూడా ఈ గుర్తుపట్టే పని సాగుతోందని వాళ్ళు చూశారు. మన సెట్‌టాప్ బాక్సు ఆ తీగతోనే కదా టీవీకి తగిలేది. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. సెట్టింగుల్లోకి వెళ్ళి మీటలు ఆపేస్తే ఆ కంప్యూటర్లకు సమాచారం వెళ్ళడం ఆగిపోయింది. ఈ రెండో సంగతిని గుర్తు పెట్టుకోండి. చివర్లో దాని దగ్గరికే వస్తాం.

రెండో ప్రశ్న, వాళ్ళకేం లాభం? అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ ఉంది. 2014 ఫిబ్రవరి నుంచి ఆ కంపెనీ టీవీలు తెర మీద ఆడేదాన్ని సెకను సెకనుకూ నమోదు చేశాయి. అంతకుముందే అమ్మిన టీవీల్లోకి కూడా దూరం నుంచే ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించారు. మొత్తం కోటీ పది లక్షల టీవీలు. ఆ సమాచారాన్ని ఇంటి ఇంటర్నెట్ చిరునామాతో జతచేసి ఇతర కంపెనీలకు అమ్మారు. ఆ ఇంటివాళ్ళ వయసు, ఆడా మగా, ఆదాయం, పెళ్ళి, చదువు, సొంతిల్లా అద్దెల్లా, ఈ వివరాలన్నీ దానికి కలిపే వీలు కల్పించారు. పేరు మాత్రం కలపకూడదని కాగితంలో రాసుకున్నారు. పేరొక్కటి తప్ప మిగతా మనిషంతా చేతికి వచ్చాక పేరుతో వాళ్ళకు పనేముంది? 2017 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీ, న్యూజెర్సీ రాష్ట్రం కలిసి వేసిన కేసులో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు కట్టి, 2016 మార్చికి ముందు సేకరించిన సమాచారాన్ని చెరిపేయడానికి ఒప్పుకుంది. ఇకమీద స్పష్టంగా చెప్పి, అనుమతి తీసుకున్నాకే సేకరించాలన్నది ఆ ఉత్తర్వు.

లాభం ఎంతో తెలియాలంటే అదే కంపెనీ లెక్కలు చూడాలి. 2021 మూడో త్రైమాసికంలో టీవీలు, సౌండ్‌బార్లు అమ్మితే మిగిలిన దానికన్నా, ప్రకటనలు, సమాచారం, ఇతర సేవల వల్ల మిగిలింది రెండింతలు దాటింది. తర్వాత 2024లో వాల్‌మార్ట్ అనే పెద్ద కొట్టు ఆ కంపెనీని 230 కోట్ల డాలర్లకు కొనేసింది. కిరాణా సరుకులు అమ్మేవాడికి టీవీ కంపెనీ ఎందుకు? ఏ ఇంట్లో ఏ ప్రకటన ఆడిందో, ఆ తర్వాత ఏ సరుకు కొన్నారో రెండూ ఒకడి చేతిలో ఉంటే ఎంత విలువో ఆలోచించండి. పదేళ్ళ కిందట రేటు చూసి, ఇవాళ్టి రేటు చూసి, "టీవీలు ఎంత చవకైపోయాయో" అని మనం సంతోషిస్తున్నాం. తెరలు చవకగా తయారు కావడం ఒక కారణం. మిగతా డబ్బు మనం ఇంటికి తెచ్చుకున్నాక మెల్లగా వసూలవుతోందన్నది మరో కారణం.

మన దేశంలో టీఆర్పీ లెక్కలు మీకు తెలుసు. బార్క్ అనే సంస్థ 2020 నాటికి సుమారు 44 వేల ఇళ్ళల్లో మీటర్లు పెట్టి ఆ లెక్కలు తీసేది. ఆ ఇంటివాళ్ళను ముందు అడుగుతారు. ఒప్పుకుంటేనే మీటరు పెడతారు. ఇంట్లో ఒక్కొక్కరూ టీవీ ముందు కూర్చున్నప్పుడు తమ మీట నొక్కుతారు. ఆ ఇళ్ళు ఏవో బయటకు తెలియకూడదన్నది నియమం. ఆ రహస్యం పొక్కి కొన్ని ఇళ్ళకు డబ్బులిచ్చారన్న ఆరోపణతో 2020లో ముంబైలో కేసు కూడా నడిచింది. ఒకప్పుడు కొన్ని వేల ఇళ్ళల్లో అడిగి, చెప్పి, రహస్యం కాపాడుతామని మాటిచ్చి చేసిన పనిని ఇప్పుడు టీవీయే చేయగలదు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఎవరూ మన గుమ్మం దగ్గరికి వచ్చి అడగలేదు.

అయినా ఆపేస్తే ఆగుతుందా అన్న అనుమానం వస్తుంది. న్యాయమే. 2013లో బ్రిటన్‌లో ఒక ఎల్‌జీ టీవీ యజమాని మీట ఆపేశాక కూడా చూసిన చానళ్ళ వివరాలు బయటకు వెళ్తున్నాయని కనిపెట్టాడు. యూఎస్‌బీలో పెట్టుకున్న సొంత ఫైళ్ళ పేర్లు కూడా వెళ్ళాయి. అతను బయటపెట్టాక కంపెనీ తప్పు సరిదిద్దుతామని చెప్పాల్సి వచ్చింది. 2015లో శాంసంగ్ గోప్యతా పత్రంలో, గొంతుతో పనిచేసే సదుపాయం వాడితే టీవీ ముందు మాట్లాడే సొంత విషయాలు కూడా మూడో కంపెనీకి వెళ్ళవచ్చన్న వాక్యం ఉందని లోకమంతా గోలయింది. కంపెనీ ఆ వాక్యాన్ని మార్చి రాసుకుంది. 2025 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం శాంసంగ్, ఎల్‌జీ, సోనీ, హైసెన్స్, టీసీఎల్ కంపెనీల మీద ఇదే ఏసీఆర్ విషయంలో కేసులు వేసింది. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఎవరో ఒకరు కూర్చుని చదివారు, పరీక్షించారు, నిలదీశారు. అప్పుడే కంపెనీలు కదిలాయి. ఇప్పుడు 2024లో మీట ఆపితే ఆగుతోందంటే, అది ఊరికే వచ్చింది కాదు.

ఇక్కడ యవ్వనస్థులు ఒక మాట అంటారు. మా దగ్గరా అన్నారు. "మేము తప్పు పనేం చేస్తున్నాం అంకుల్? దాచుకోవడానికి ఏముంది? చూస్తే చూసుకోనివ్వండి." దీనికి ఒక పాత సంగతి చెబుతాం. 1987లో అమెరికాలో రాబర్ట్ బోర్క్ అనే జడ్జిని సుప్రీంకోర్టుకు ప్రతిపాదించారు. ఒక విలేకరి ఆయన వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకునే కొట్టుకు వెళ్ళి, ఆ కుటుంబం తీసుకున్న 146 క్యాసెట్ల జాబితా సంపాదించి పత్రికలో వేశాడు. ఆ జాబితాలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అన్నీ మామూలు సినిమాలే. అయినా ఆయన్ను బలపరిచేవారూ ఎదిరించేవారూ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడాదే, 1988లో, క్యాసెట్ల జాబితా బయటపెట్టకూడదని అక్కడ చట్టం వచ్చింది. జాబితాలో ఏముందన్నది కాదు వాళ్ళను కదిలించింది. నా ఇంట్లో నేనేం చూశానో ఊరికి చెప్పే అధికారం నీకెవరిచ్చారన్నది. తలుపు వేసుకుని ప్రార్థన చేసుకునేవాడు తప్పు పని చేస్తున్నాడని మనం అనుకోం కదా.

మనకైతే ఇంకో సంగతి ఉంది. ఇవాళ మేము ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

విజయవాడలో ఒక ఇంట్లో తెలుగు చానల్ ఆడితే ఆ ఇంటి గురించి ఎవరికీ కొత్తగా తెలిసేదేమీ లేదు. వీధంతా అదే చూస్తుంది. షోలాపూరులోనో బరంపురంలోనో ఒక వీధిలో రెండు వందల ఇళ్ళుంటే, తెలుగు ఆడేది కొన్ని ఇళ్ళల్లోనే. ఒక్క భాషతోనే ఆ ఇల్లు ఎవరిదో సగం తెలిసిపోయింది. దానికి ఆదివారం ఉదయం ఆరాధన ప్రసారం కలిపితే మూడొంతులు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, రాత్రిపూట వాక్యం కలిపితే ఇక పేరుతో పనిలేదు. గుంపులో ఉన్నవాడికి గుంపే చాటు. కొద్దిమందిగా ఉన్నవాళ్ళకు ఆ చాటు ఉండదు. అందుకే పెద్ద సమూహాలకు చిన్న చికాకుగా కనిపించే విషయం మనలాంటివాళ్ళకు బరువుగా ఉంటుంది.

మన సంఘాల్లో చాలా కుటుంబాల పరిస్థితి మీకు చెప్పనక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవ దళితులకు ఇవ్వలేదు. దానివల్ల సర్టిఫికెట్టులో ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్న ఇళ్ళున్నాయి. అది న్యాయమా కాదా అన్న పోరాటం వేరే ఉంది, దాన్ని మనం బహిరంగంగానే చేస్తున్నాం. కానీ ఒక కుటుంబం తన విశ్వాసం గురించి ఎప్పుడు, ఎవరికి, ఏ మాటల్లో చెప్పుకోవాలన్నది ఆ కుటుంబమే తేల్చుకోవాలి. గోడకున్న పెట్టె తేల్చకూడదు. టీవీ కబుర్ల వల్ల ఎవరికో ఉద్యోగం పోయిందని మేము భయపెట్టడం లేదు. ప్రకటనలవాడికి కావాల్సింది చీరలు, సబ్బులు అమ్ముకోవడమే. అయితే ఒకసారి పోగైన జాబితా చేతులు మారుతుంది. కంపెనీ అమ్ముడుపోతుంది, దొంగతనం జరుగుతుంది. ఇవాళ సబ్బు కోసం పోగుచేసిన జాబితా రేపు ఇంకెవరి చేతిలో ఉంటుందో జాబితాలో ఉన్నవాడికి తెలియదు.

బయటివాళ్ళ సంగతి అలా ఉంచి, ఇంటి లోపలి మాట కూడా ఒకటి చెప్పాలి. టీవీ తెరవగానే "మీరు చూసినవి", "మీకు నచ్చేవి" అని వరస కనిపిస్తుంది. మధ్యాహ్నం కోడలు ఒక్కతే కూర్చుని, భర్త తాగుడు మాన్పించడం గురించో, కొట్టే భర్త మీద చట్టం ఏం చెబుతుందో ఒక వీడియో చూసిందనుకోండి. సాయంత్రం మామగారు టీవీ పెట్టగానే అదే వరసలో మొదట కనిపిస్తుంది. ఆ వీడియో ఆమెకు సాయం చేయాల్సింది పోయి ఇంట్లో గొడవ తెచ్చిపెడుతుంది. గోప్యత అంటే కంపెనీలకూ మనకూ మధ్య విషయమే కాదు. ఒక కప్పు కింద ఉన్నవాళ్ళు ఒకరినొకరు గౌరవించుకునే విషయం కూడా. తల్లిదండ్రులకు, అన్నలకు ఒక మనవి. ఇవాళ నేర్చుకున్నది పట్టుకుని ఇంటికెళ్ళి ఆడపిల్లలు ఏం చూశారో వెతకడం మొదలుపెట్టకండి.

ఇక మామ్మగారి మూడో ప్రశ్న. నన్నెందుకు అడగలేదు?

అడగాలని చెప్పినవాళ్ళలో ఒకరు మీ కర్ణాటకవారే. కె.ఎస్. పుట్టస్వామి గారు. కర్ణాటక హైకోర్టు జడ్జిగా చేసి పదవీ విరమణ చేశారు. 2012లో, 86 ఏళ్ళ వయసులో, ఆధార్ విషయంలో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ఆ వయసులో "నాకెందుకులే" అని ఇంట్లో కూర్చుంటే ఆయన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదు.

తర్వాత 2023 ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అందులో మనకు పనికొచ్చేవి నాలుగు. ఒకటి, అనుమతి అంటే ఇష్టపూర్వకంగా, విషయం తెలిసి, ఫలానా పనికని స్పష్టంగా ఇచ్చేది. అన్నీ కలిపి ఒకే మీటలో గుంజుకునేది కాదు. రెండు, ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. మూడు, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల అలవాట్లను వెంటాడి గమనించడం, వాళ్ళకు గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదు. కొన్ని మినహాయింపులున్నాయి. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల దాకా ఉండవచ్చు. ఇంటి టీవీకి మాత్రం ముందు కూర్చున్నది పిల్లాడా పెద్దాడా తెలియదు, కార్టూన్లూ వార్తలూ ఒకే ఖాతాలో పడతాయి. ఈ ప్రశ్న కంపెనీలను అడగాల్సిందే.

నాలుగోది మన కోసమే రాసినట్టుంది. అనుమతి అడిగే పత్రాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. ఆ 22లో తెలుగు ఉంది. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది చట్టం అడగదు. హోసూరులో ఉన్నా, రాయగడలో ఉన్నా, యానాంలో ఉన్నా తెలుగులో అడగవచ్చు. బడిలో తెలుగు మీడియం కోసం, ఆఫీసులో తెలుగు దరఖాస్తు కోసం మన పెద్దలు ఎన్ని తిరుగుళ్ళు తిరిగారో మీకు తెలుసు. ఇక్కడ హక్కు కాగితం మీద ముందే వచ్చింది. అడిగేవాళ్ళు లేకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది.

చట్టం లోటుపాట్లు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ప్రభుత్వం తన సంస్థలను దీని నుంచి మినహాయించుకోవచ్చు. ఇంకొకటి, 2019 నాటి ముసాయిదాలో కులం, మత విశ్వాసం, ఆరోగ్యం వంటి వాటిని సున్నితమైన సమాచారంగా విడిగా పెట్టి ఎక్కువ రక్షణ ఇచ్చారు. 2023 చట్టంలో ఆ విభజన తీసేశారు. సబ్బు ఇష్టమూ సంఘం ఇష్టమూ ఒకే గాటన కట్టారు. సామాజిక న్యాయం గురించి మాట్లాడే మనం ఈ విషయం మళ్ళీ మళ్ళీ లేవనెత్తాలి.

సరే, ఇప్పుడు ఏం చేద్దాం? రాసుకునేవాళ్ళు రాసుకోండి.

ఇంట్లో మొదటి పని, టీవీ సెట్టింగుల్లో ప్రైవసీ భాగం తెరవడం. శాంసంగ్‌లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్', 'ఇంటరెస్ట్ బేస్డ్' అని మొదలయ్యే ప్రకటనల మీట ఆపండి. ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' ఆపి, 'యూజర్ అగ్రిమెంట్స్'లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్' టిక్కు తీయండి. సోనీ కొన్ని మోడళ్ళలో 'సాంబా ఇంటరాక్టివ్ టీవీ' అని ఉంటుంది. గూగుల్ టీవీతో నడిచే వేరే బ్రాండ్లలో 'యూసేజ్ అండ్ డయాగ్నస్టిక్స్' ఆపి, ప్రకటనల భాగంలో అడ్వర్టయిజింగ్ ఐడీ తీసేయండి. ఫైర్ టీవీలో 'డివైస్ యూసేజ్ డేటా', 'ఇంటరెస్ట్ బేస్డ్ యాడ్స్' చూడండి. మోడల్‌ని బట్టి పేర్లు, చోట్లు మారతాయి. 'వ్యూయింగ్', 'యాడ్స్', 'వాయిస్' అన్న మూడు మాటలు ఎక్కడ కనిపించినా ఆగి చదవండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్ళీ ఒకసారి చూసుకోండి.

రెండో పని ఇంకా సులువు. కేబులో డిష్షో మాత్రమే చూసే పెద్దవాళ్ళ ఇంట్లో టీవీకి వైఫై కలపకండి. దారి లేకపోతే కబురు వెళ్ళదు.

మూడోది, యూట్యూబ్ లాంటి యాప్‌ల సంగతి వేరు. టీవీ మీటలు ఆపినా, ఆ యాప్‌లో మీరు చూసింది ఆ యాప్‌కు తెలుస్తుంది. అక్కడ చూసిన చరిత్రను చెరిపేయవచ్చు, నమోదు కాకుండా ఆపేయవచ్చు. సంఘం హాలు టీవీలో పాస్టరు గారి సొంత ఖాతా పెట్టకండి. ఆయన ఇంట్లో చూసినవి హాల్లో, హాల్లో చూసినవి ఆయన ఫోన్లో కనిపిస్తాయి. హాలుకని వేరే ఖాతా తెరవండి.

నాలుగోది, పాత టీవీ ఎక్స్‌ఛేంజికి ఇచ్చే ముందు, లేదా ఊళ్ళో చుట్టాలకు ఇచ్చే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మీ ఖాతాలు, పాస్‌వర్డులు దాంతో వెళ్ళిపోకూడదు.

ఐదోది, కొత్త టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడికి మంచినీళ్ళిచ్చి, "ఆ ఒప్పుకునే పేజీల దగ్గర ఆపు నాయనా, మేమే చదివి నొక్కుతాం" అని చెప్పండి. తప్పనిసరివి రెండో మూడో ఉంటాయి, మిగతావి మన ఇష్టం.

ఇక సంఘంగా చేయాల్సింది. తన భాషలో లేని తెర ముందు ఒంటరిగా కూర్చున్న మామ్మగారికి ఈ పనులన్నీ చేసుకోమని చెప్పడం న్యాయం కాదు. అందుకని యవ్వనస్థులకు మా మనవి. నెలలో ఒక శనివారం ఇద్దరిద్దరుగా బయలుదేరండి. మన ఇళ్ళతో మొదలుపెట్టి, పక్కింటివాళ్ళు ఏ మతంవాళ్ళయినా, ఏ భాషవాళ్ళయినా, అడిగితే వాళ్ళవీ చూసిపెట్టండి. రిమోట్ మీరు తీసుకుని గబగబా నొక్కేయకండి. అలా చేస్తే బిగించిన కుర్రాడికీ మీకూ తేడా లేదు. ఒక్కో మీట ఏమిటో వాళ్ళ భాషలో చెప్పండి. "ఇది ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడగండి. కొందరు ఉంచమంటారు. ఉంచండి. వాళ్ళు తెలిసి చెప్పిన మాట అది.

దాంతోపాటు ప్రతి సంఘం నుంచీ ఒక ఉత్తరం రాద్దాం. మీ టీవీ కంపెనీ వెబ్‌సైట్లో ఫిర్యాదులు చూసే అధికారి చిరునామా వెతకండి. "మా ఇంట్లో పెద్దలు తెలుగు మాత్రమే చదవగలరు. మీరు అనుమతి అడిగే పత్రం తెలుగులో ఎప్పుడు ఇస్తారు? పిల్లలు చూసేదాన్ని ఎలా విడదీస్తున్నారు?" ఈ రెండు ప్రశ్నలు చాలు. జవాబు వచ్చినా రాకపోయినా తేదీ వేసి దాచండి. 2027 మే తర్వాత మనం బోర్డు ముందుకు వెళ్ళాల్సి వస్తే ఆ ఉత్తరాలే మన సాక్ష్యం.

మా మామ్మగారి ఇంట్లో పోయిన నెల మా అమ్మాయే వెళ్ళి ఆ మీటలన్నీ ఒక్కొక్కటీ చదివి వినిపించింది. ఆవిడ చూసే సమాచారం పంపేదాన్ని తీసేయించారు. గొంతుతో పనిచేసేదాన్ని మాత్రం ఉంచమన్నారు, రిమోట్ మీద అక్షరాలు కనపడవు కాబట్టి మైకు మీట నొక్కి తెలుగులో పాటలు అడుగుతారట. "ఇప్పుడు నన్నడిగారు" అన్నారు. ఆ సీరియల్ ఇప్పటికీ మధ్యాహ్నం రెండింటికి చూస్తున్నారు.

కూడిక ముగిశాక పక్క గదిలో మూడు రకాల టీవీలు పెట్టాం. మన పిల్లలే చూపిస్తారు. మీ ఇంటి రిమోట్ ఫొటో ఫోన్లో ఉంటే ఇంకా సులువు.